మన్యమున విద్యున్నాదము: శ్రోతల ప్రతివచనము

కోరాపుట్ మన్యమున డుడుమ యొద్ద ఐదువందల అడుగులకు పైబడిన ఎత్తునుండి లోయలోనికి దుమికెడు మాచ్‌ఖండ్ నదిని ఎగువను నిలిపి, గొట్టములలోనికి మళ్లించి, దాని వేగముచే చక్రములను త్రిప్పించి విద్యుత్తును పుట్టించు కేంద్రమును 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రములు కలసి కట్టుకొన్న ఆ కేంద్రము పూర్తియైన నాటికి 17 మెగావాట్ల యంత్రములు మూడును, 21.25 మెగావాట్ల యంత్రములు మూడును, వెరసి 114.75 మెగావాట్ల శక్తి దానికి సమకూడెను. అందు 70 పాళ్లు ఆంధ్రకు, 30 పాళ్లు ఒరిస్సాకు అని ఆనాటి పంపకము. విశాఖపట్టణమున, విజయనగరమున వీధిదీపములను వెలిగించి, సినిమాహాళ్లలో పాటలను పలికించి, పెళ్లిపందిళ్లలో మైకులను మ్రోగించిన విద్యుత్తులో ఈ కొండనీటి పాలు చాల పెద్దది. ఆ నీరు దిగిన లోయ చుట్టుపట్లనున్న గదబల, పరజల, బోండాల పల్లెలు మాత్రము ఆ పిమ్మటను చిరకాలము చమురుదీపముతోనే ప్రొద్దు పుచ్చినవి. విద్యున్నాదమునకు ప్రాణము పోసిన నేల ఆ నాదమును బ్యాటరీ పెట్టెలో వినవలసి వచ్చినది.

సంగీతచరిత్ర వ్రాసినవారు వాగ్గేయకారులను, గాయకులను, పోషకులైన ప్రభువులను లెక్కించిరేగాని, విన్నవాడు ఏమనెనో, విని ఏమి చేసెనో అనునది వారి దృష్టికి అంతగా రాలేదు. రాయగడలోనో కోరాపుట్టులోనో నేడొక కళాశాల విద్యార్థి చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, మాట లేక, స్ఫుటమైన తాళము లేక, సింథసైజరు స్వరములు మెల్లగా క్రమ్ముకొని మెల్లగా విడిపోవు అంతర్ముఖమైన ఆల్బమునొకదానిని అర్ధరాత్రివేళ వినుచుండగా, ఇంటి పెద్దలు “ఇదేమి పాట? పాడినవాడేడీ? పదమేదీ?” అని అడుగుట సహజము. అడిగినది తప్పును కాదు, కొత్తయు కాదు. హార్మోనియమును గూర్చి, గ్రామఫోనును గూర్చి, రేడియోను గూర్చి, క్యాసెట్టును గూర్చి ఇదే ప్రశ్న వేరువేరు మాటలలో ఈ సీమకు వచ్చినది; వచ్చిన ప్రతి పర్యాయమును దానికి సమాధానము చెప్పినవారు పండితులు కారు, శ్రోతలు. ఆ సమాధానముల వరుసను ఒకపాటి చెప్పవలెనని నా ఉద్దేశము.

మొదట గ్రహింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ కొండలలో మౌనశ్రోత యనువాడు పూర్వమెన్నడును లేడు. మహురి యను ఊదువాద్యము పలుక, డోలును, తమకు అను చర్మవాద్యమును మ్రోగ, ఒకరి వీపుపై నొకరు చేతులు పెనవేసికొని వలయముగా అడుగులు కదపు ధెంసా నృత్యమున (అరకు వైపు మనవారు థింసా అందురు) వాయించువారు సాధారణముగా డొంబు వాద్యగాండ్రు, ఆడువారు పరజలు, గదబలు, వారి ఇరుగుపొరుగు జనులు. విని ఊరక కూర్చుండువాడు అచ్చట విననివాని క్రిందనే లెక్క. మైదానముననైనను సంగతి ఇంతకు భిన్నము కాదు. హరిదాసు గోవిందనామస్మరణ చేయుమనిన సభయెల్ల గొంతు కలుపవలసినదే. బుర్రకథలో వంతపాటగాడు శ్రోతలకు ప్రతినిధియై ప్రశ్నలు వేయును, వెక్కిరించును, కన్నీరు పెట్టును. నాదము ఇచ్చట ఒకరినుండి ఒకరికి పోవునది కాదు, ఇరువురి నడుమ జరుగునది.

ఈ ప్రతివచనధర్మము పరాకాష్ఠనందినది గుణుపురము పరిసరములందలి సవరలలో. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల భాషను వారి నోటనే నేర్చి, 1931లో ఆ భాషకు బోధినిని, 1938లో నిఘంటువును వెలయించిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన తెలుగువారిలో ఆ జాతి పలుకును చెవియొగ్గి విన్న ప్రథములు. (నేను వ్రాయుచున్న ఈ గ్రాంథికపు పోకడను వ్యావహారికవాదియైన ఆ మహనీయుడు ఎంతవరకు సహించెడివారో చెప్పనక్కరలేదు.) ఆయన పిదప వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతమును గూర్చి బృహద్గ్రంథమును ప్రకటించెను, 1970 దశకమునుండి పియర్స్ విటెబ్‌స్కీ యను ఆంగ్ల మానవశాస్త్రజ్ఞుడు వారి నడుమ నివసించి, మృతులతో వారు జరుపు సంభాషణలను గ్రంథస్థము చేసెను. ఆ సంభాషణలు విచిత్రములు. పూజారిణి కాళ్లు చాచి కూర్చుండి, గానమువలె సాగు ఆవాహనముతో తన ప్రాణమును పాతాళమునకు పంపును. అట్లు ఖాళీయైన ఆమె దేహమున చనిపోయినవారు ఒకరి వెనుక నొకరు ప్రవేశించి, ఆమె నోటనే మాటలాడుదురు. చుట్టును కూర్చున్న బంధువులు చేతులు కట్టుకొని వినువారు కారు. చనిపోయిన తల్లిని నిలదీయుదురు, అన్నతో పరిహాసమాడుదురు, బిడ్డ గొంతు వినవచ్చినపుడు బావురుమందురు, త్రాగుటకు కల్లు పోయుదురు, ఎట్లు చనిపోతివని అడిగి, చెప్పిన కారణమును ఒప్పుకొనక తర్కింతురు. శోకము ఒక్కనాటితో తీరునది కాదు గనుక ఈ సంభాషణ ఏండ్ల తరబడి సాగును. క్రమముగా మృతుని కోపము చల్లారును, బ్రతికినవాని దుఃఖమును చల్లారును.

రేడియో తొలిసారి మన్యమునకు వచ్చినపుడు గిరిజనులు పెట్టె వెనుకకు పోయి మనిషిని వెదకిరని మైదానములవారు నవ్వుచు చెప్పుకొను కథ యొకటి కలదు. దేశమున ఏ కొండజాతిని గూర్చియైనను ఈ కథయే చెప్పుదురు గనుక ఇది ఎవరిని గూర్చియు నిజము కాదేమో. సవరల విషయమున నైతే అది కేవలము అసంభవము. దేహము ఒకరిది, గొంతు మరియొకరిది యగుట వారికి నిత్యానుభవము. పాతాళమునుండి మాట వచ్చునని నమ్మినవాడు కటకపు రేడియో కేంద్రమునుండి మాట వచ్చుటకు ఆశ్చర్యపడునా? ఆ పెట్టెయందు వారికి నిజముగా వింతయై తోచదగిన లోపము వేరు. దానికి బదులు చెప్పిన అది వినదు. విద్యున్నాదమునకు శ్రోతలందరు, కొండలవారును మైదానపువారును, ఆరోపింపదగిన మొదటి దోషమును ఇదియే. తరువాతి చరిత్రయెల్ల ఆ దోషమును శ్రోతలు తమ తమ తెలివితేటలతో దిద్దుకొన్న చరిత్ర.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రమగునంతవరకు ఈ భూమి చెన్నపురి రాజధానికి లోబడిన విశాఖపట్టణ మండలము. జయపురపు గద్దెపై 1931లో కూర్చుండి 1951 వరకు ప్రభువుగానున్న విక్రమదేవవర్మగారు తెలుగునను ఒడియాయందును కవిత చెప్పి, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలు ఒసగిన వదాన్యులు. పరిపాలనపు సరిహద్దు మారినను పాట నడచిన దారి మారలేదు. ఆ దారులు రెండు: విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా రాయగడకు పోయి, 1931 నాటికి రాయ్‌పూరు దాక సాగిన రైలుమార్గము ఒకటి, సాలూరునుండి కనుమనెక్కి పొట్టంగి మీదుగా కోరాపుట్టునకు పోవు బాట రెండవది. మొదటి దారి మొగదల 1919లో స్థాపితమై, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగాను, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు ఆచార్యులుగాను వెలసిన విజయనగర సంగీత కళాశాల. రెండవ దారి మొగదల సాలూరు చెంత శివరామపురము. అది 1922లో సాలూరి రాజేశ్వరరావుగారు పుట్టిన యూరు.

రాజేశ్వరరావుగారి పేరు ఇచ్చట యాదృచ్ఛికముగా వచ్చినది కాదు. గ్రామఫోను తొలిదశలో గాయకుడు కొమ్మువంటి గొట్టములోనికి మోము చొప్పించి, ఉన్న బలమంతయు పెట్టి అరవవలసియుండెను; మెత్తని గొంతునకు ఆ మైనపుపలకపై గీత పడెడిది కాదు. 1925 ప్రాంతమున విద్యుత్ మైక్రోఫోను వచ్చిన పిమ్మటనే గుసగుసను సైతము ముద్రించుట సాధ్యమయ్యెను. బాల్యముననే గ్రామఫోనునకు పాడుట ప్రారంభించిన రాజేశ్వరరావుగారు పెరిగి పెద్దవారై, తామే స్వరపరచి, తామొక్కరును, ఆర్. బాలసరస్వతీదేవిగారితో కూడియును పాడిన లలితగీతములు ఈ సౌకర్యమును తెలుగువారు ఎంత సొగసుగా వాడుకొనిరో చెప్పును. కచేరి సభాస్థలిని నింపుటకు పాడునది. ఆ గీతములు వినువాని చెవియొద్ద, అతడొక్కనికే, పాడినట్లుండును. అంతర్ముఖమైన సంగీతమును విద్యుత్తు చంపుచున్నదని నేడు వాపోవువారు ఈ సంగతి తలపోయవలెను. తెలుగున ఏకాంతశ్రవణమునకు తగిన మృదుగీతము విద్యుత్తుతోనే వచ్చినది.

ఇక హార్మోనియమునకు విధించిన శిక్షను చెప్పవలెను. మీటల పెట్టెలో గమకము పలుకదను కారణముచే 1940 మార్చి 1వ తేదీనుండి ఆకాశవాణి ఆ వాద్యమును బహిష్కరించెను. ఆ బహిష్కారము సుమారు మూడు దశాబ్దములు నిలిచెను. శాస్త్రదృష్ట్యా ఆ వాదమున బలము లేకపోలేదు. కాని ఆ మూడు దశాబ్దములలోను పార్వతీపురము మొదలు రాయగడ వరకు ఏ తిరునాళ్లలోనైనను పద్యనాటకము హార్మోనిస్టు లేనిదే తెర యెత్తలేదు. తెల్లవారుదాక రాగాలాపనము సాగ, ప్రేక్షకులు “వన్స్‌మోర్” అని కేకలు వేసి, చనిపోయిన పాత్రధారిని లేపి మరల పద్యము పాడించుకొను ఆచారము కలదు. సభకు అంతటి అధికారమున్న చోట బహిష్కారపు ఉత్తరువునకు విలువ యేమి?

ఆ ‘వన్స్‌మోర్’ రేడియోకు చేరనిది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరులోను, కటకము కేంద్రము అదే సంవత్సరము జనవరిలోను, విశాఖపట్టణ కేంద్రము 1963లోను మొదలైనవి. జయపురమునకే 1960 దశకమున ఒక కేంద్రము వచ్చి, ఒడియాతోపాటు కొండభాషలందును ప్రసారములు చేసినది. పోస్టాఫీసున రుసుము కట్టి, చిన్న లైసెన్సు పుస్తకముపై బిళ్లలు అంటించుకొన్న గృహస్థుడు ఇంత వ్యయము చేసియు నోరు మెదపక వినునా? కార్డు ముక్కపై కోరిన పాట పేరు వ్రాసి, దాని క్రింద ఇంటిల్లిపాది పేర్లు, పొరుగువారి పేర్లు, పుట్టినబిడ్డకు ఇంకను పెట్టని పేరు సైతము చేర్చి పంపుట వ్యసనమయ్యెను. కేంద్రమంత్రి కేస్కర్‌గారి కాలమున ఆకాశవాణి సినిమాపాటలను తగ్గించిన కొలది శ్రోతలు సిలోను రేడియో వైపు మొగ్గిరి. 1957లో వివిధభారతి పుట్టుటకు ఆ వలసయే హేతువు. ఒక ప్రభుత్వపు సాంస్కృతికవిధానమును సామాన్యశ్రోత సూచీమీటను త్రిప్పియే త్రిప్పివేసిన ఘట్టము ఇది. 1956లో పూనా ప్రాంతపు పల్లెలలో, రేడియో విని, గుంపుగా చర్చించి, తమ ప్రశ్నలను తిరిగి కేంద్రమునకు పంపు గ్రామీణ శ్రోతృసంఘములను ప్రయోగముగా నడిపి, పిమ్మట దేశమంతట వ్యాపింపజేసిరి. సవరల సభను చూచియుండినవారికి అందు క్రొత్తదనము కనబడియుండదు.

విద్యుత్తుచేతనే పుట్టిన స్వరము, అనగా తీగను మీటక, గొట్టమును ఊదక పుట్టిన స్వరము, జనసామాన్యమునకు చేరినది 1954లో, హిందీ ‘నాగిన్’ చిత్రముతో. హేమంత్‌కుమార్ సంగీతమునకు కల్యాణ్‌జీ క్లావియొలిన్ అను చిన్న విద్యుద్వాద్యముపై పాములవాని బూర ధ్వనిని పలికించెను. విన్నవారిలో అత్యధికులు అది నిజమైన బూరయే అనుకొనిరి. హాలులోనికి పాములు వచ్చినవని ఊరూర వదంతులు. ఈ దేశమున విద్యుద్వాద్యమునకు దొరికిన ప్రథమ విమర్శ ఇదే యనవలెను, దానికి మించిన మెప్పును నేనెరుగను. అంతటితో ఆగక, బ్యాండుమేళములు ఆ వరుసను పెళ్లి ఊరేగింపులకు దించినవి. పెండ్లికొడుకు చెలికాండ్రు రుమాలు కొసను పండ్ల నడుమ పట్టి నాదస్వరమూదినట్లు అభినయింప, ఎదుటివాడు పడగవిప్పి నేలపై పొరలు ‘నాగిని డాన్సు’ విశాఖ వీధులలోను, రాయగడ వీధులలోను ఒక్క తీరుననే వర్ధిల్లినది. రుచి యేపాటిదైనను, యంత్రము పాడినదానికి జనము కాళ్లతో ఇచ్చిన ప్రత్యుత్తరము అది.

పరిశ్రమలు వచ్చినవి: 1962లో రాయగడ చెంత జేకేపురమున కాగితపు మిల్లు, 1964లో సునాబేడాలో విమానయంత్రముల కర్మాగారము, 1980 దశకమున దామన్‌జోడిలో అల్యూమినా శుద్ధికర్మాగారము. క్వార్టర్లతోపాటు తెలుగు కుటుంబములు, వారితో వినాయకచవితి పందిళ్లు, పందిళ్లతో లౌడుస్పీకరు గొట్టములు. ఈ కాలమున వచ్చినవానిలో ఒక్క ఆల్బముపై మాత్రము నిలిచి చూడవలెను. 1974 ఫిబ్రవరిలో ఘంటసాలవారు గతించిన పిమ్మట వారి భగవద్గీత రికార్డు వెలువడెను. అది ఉపదేశము, ఆత్మవిచారమునకై ఉద్దేశింపబడినది. తెల్లవారుజామున దేవాలయపు మైకునుండి వినవచ్చుటయు కద్దు. కాని శ్రోతలు దానిని శవమున్న ఇంటికి కేటాయించిరి. నేడు వీధి మలుపున ఆ గొంతు వినబడిన ‘పోయినదెవరు?’ అని అడుగని తెలుగువాడు అరుదు. గాయకుడు గాని, గ్రామఫోను కంపెనీ గాని కోరని వినియోగమిది. జనము తమంతట తాము నిర్ణయించినది. మృతుని గొంతు, మృతుని ఇంటిలో, బ్రతికినవారి నడుమ! గుణుపురపు కొండలలో పూజారిణి చేయు పనిలో కొంత ఇచ్చట టేపురికార్డరు చేయుచున్నదని నేనన్నచో అతిశయోక్తి యగునేమో కాని, అసత్యము కాదు. ఇంతలో ఆ సవరలలోనే యువతరము బాప్టిస్టు క్రైస్తవమునకో, హిందూ ఆచారమునకో మరలి, మృతులతో మాటలాడుట మానుచున్నదని విటెబ్‌స్కీ వ్రాసియున్నాడు.

మన దేశమున సింథసైజరు చరిత్ర శ్రోతల ఆలస్యమును చెప్పు చరిత్ర. 1969లో అహమ్మదాబాదు జాతీయ రూపకల్పన సంస్థలో అమెరికను విద్వాంసుడు డేవిడ్ ట్యూడర్ సాయమున మూగ్ సింథసైజరుతో ఒక స్టూడియో వెలసినది. అచ్చట భారతీయ యువకులు చేసిన రచనల టేపులు అర్ధశతాబ్దము బీరువాలలో నుండి, 2023లో మాత్రమే ఆల్బముగా లోకమునకు వచ్చినవి. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ పది రాగములను సింథసైజరుపై యంత్రతాళముతో వాయించి రికార్డు వెలువరించగా కొన్నవారు స్వల్పము. 2010లో ఐరోపావారు దానిని మరల ముద్రించినపుడు, చికాగో యువకులు 1980 దశకపు ఉత్తరార్ధమున కనిపెట్టినదనుకొన్న బాణీ ఇందు ముందే యుండుట చూచి, ఇది బూటకమేమోనని శంకించినవారును కలరు. స్వదేశమున వినువారు లేక, విదేశమున కొందరి శంకకు గురియైన ఆ రికార్డు కథ విచారకరమే. ఆ సమయముననే బెంగుళూరునుండి వెలువడిన ఎలక్ట్రానిక్ తంబురా మాత్రము ఏ వివాదమును లేక పూజామందిరములోను, పాఠశాలలోను, భజనకూటములోను చేరి కూర్చుండెను. ఆవర్తములేని, ఆద్యంతములేని, ఒకే శ్రుతిపై నిలుచు విద్యున్నాదమును మన పెద్దలు నిత్యము కన్నులు మూసికొని వినుచునే యున్నారు. కుమారుని ఇయర్‌ఫోనులో అదే నాదము వినబడినపుడు మాత్రము ‘ఇదేమి పాట’ యని యడుగుదురు.

కాబట్టి నా తీర్పు ఇది. అంతర్ముఖ విద్యుత్సంగీతమును గూర్చి పెద్దలు చూపు దోషము, అనగా ముఖము లేదు, మాట లేదు అనునది, నిలువదు. కొండచరియపై పశువులు కాయువాడు ఎవరి కొరకును కాక ఊదుకొను పిల్లనగ్రోవికిని ముఖము లేదు, మాట లేదు, వినువాడును వాయించువాడును అచ్చట ఒక్కడే. నిలుచు దోషము మరియొకటి కలదు. ఈ సీమలో ప్రతి తరము శ్రోతయు యంత్రమునకు ఏదో యొక ప్రతివచనమిచ్చినాడు: కేక వేసినాడు, కార్డు వ్రాసినాడు, వీధిలో పొరలినాడు, చావింట పెట్టినాడు. ఇయర్‌ఫోను శ్రోత ఇంకను ఏమియు అనలేదు. ఈ కొండల వాడుకభాషయైన దేశియాలో కీబోర్డు తాళములతో నేడు పాటలు కట్టుచున్న జయపురపు యువకులనుండి ఆ మాట రావచ్చునని నాకు ఆశ. వారి పాటలు ప్రస్తుతము ఊరేగింపు కొరకే తప్ప ఏకాంతము కొరకు కావు.

రాయగడ, గుణుపురము, జయపురము, కోరాపుట్టులలోని తెలుగు కుటుంబములవారికి ఒక మనవి. మీ యింటి అటుకపై బిళ్లలంటించిన రేడియో లైసెన్సు పుస్తకము గాని, కోరిన పాట పేరు వ్రాసి పంపకుండ మిగిలిన కార్డు గాని, పందిరిలో పట్టిన క్యాసెట్టు గాని యున్నచో పారవేయకుడు. దానితోపాటు ఎవరు, ఎప్పుడు, ఎచ్చట కూర్చుండి వినిరో ఒక కాగితముపై వ్రాసి ఉంచుడు.